హారన్ లేని గంట

కెమెరా మీద ఎర్రదీపం వెలిగింది. ఇక గంటసేపు ఈ ఇంట్లో ఎవరూ దగ్గకూడదు, తుమ్మకూడదు, చచ్చినా నోరు విప్పకూడదు. ఇంట్లో ఉన్నది కిరణ్మయి ఒక్కతే, అయినా ఈ నియమాలు పెట్టేటప్పుడు ఎదురుగా ఎవరో చేతులు కట్టుకుని నిలబడ్డట్టు వేలు చూపించి మరీ పెడుతుంది. అంతకుముందే ఫ్రిజ్ ఆపింది, ఫ్యాన్ ఆపింది, గోడగడియారంలో బ్యాటరీ తీసింది, కాలింగ్ బెల్ స్విచ్ కట్టేసింది, తన ఫోను ఆపేసింది. పనిచేసే జ్యోతిని ఎప్పట్లాగే బయటికి పంపి తలుపు వేసింది. ఈ గంటా ఆ అమ్మాయి పంతొమ్మిదో అంతస్తు మెట్ల మీద కూర్చుంటుంది, పన్నెండయ్యాక వచ్చి గిన్నెలు తోముతుంది. జ్యోతి ఫోను మాత్రం లోపలే ఉంది. మెట్ల దగ్గర కూర్చుని మాట్లాడితే ఆ గొంతు తలుపు సందులోంచి దూరుతోందని, మూడు నెలల కిందట కిరణ్మయి ఒక ఏర్పాటు చేసింది. వంటింట్లో పాత బియ్యం డబ్బా, అందులో రెండు మడత తువ్వాళ్ళు, వాటి మధ్య జ్యోతి ఫోను, పైన మూత. మొదట్లో జ్యోతి పసిపిల్లను ఉయ్యాల్లో వేస్తున్నట్టు నవ్వుకుంటూ పెట్టేది. ఇప్పుడు నవ్వడం లేదు, పెట్టి వెళ్ళిపోతుంది.

పియానో మీద మొదటి స్వరం పడింది, పడి ఆరిపోయేదాకా ఆగి, రెండోది. నిజం చెప్పుకోవాలంటే ఇందులో పెద్ద విద్య ఏమీ లేదు, నాలుగు స్వరాలు, వాటి మధ్య బోలెడంత ఖాళీ. ఖాళీని వాయించడమే అసలు కష్టం అంటుంది కిరణ్మయి, అద్దం ముందు, ఎవరో ఇంటర్వ్యూ చేస్తున్నట్టు. పియానో సుత్తులకూ తీగలకూ మధ్య చనిపోయిన అమ్మ శాలువాలోంచి కత్తిరించిన పట్టీ అడ్డం ఉంది, అందుకని ప్రతి స్వరమూ దూది చుట్టుకుని వస్తుంది. ఎదురుగా కెమెరా, కెమెరా ముందు కిటికీ, కిటికీకి తెల్ల పరదా, గట్టు మీద పొగలు వచ్చే కాఫీ కప్పు. ఏ కాఫీ గంటసేపు పొగలు కక్కుతుంది? కప్పు వెనకాల అగరుబత్తి దాచింది. పరదా వెనక మసకగా కదిలే పచ్చదనం చూసి, ఇది ఏ అడవండీ, ఏ కొండ ప్రాంతమండీ అని అడుగుతారు వీడియో కింద రాసేవాళ్ళు. ఆవిడ ఒక ఆకు బొమ్మ జవాబుగా పెట్టి ఊరుకుంటుంది. అది కోకాపేటలో పక్కన లేస్తున్న నలభై అంతస్తుల టవరుకు చుట్టిన ఆకుపచ్చ వల. కెమెరా కన్ను కాస్త మసక చేస్తే వల అడవైపోతుంది, గాలికి ఉబ్బి తగ్గుతుంటే అడవి ఊపిరి తీస్తున్నట్టు ఉంటుంది. ఎక్కడా కత్తెర పడని గంట, ఒకే ఊపులో, తప్పు జరిగితే మళ్ళీ మొదటినుంచి, అదీ ఆవిడ పంతం, పేరు తెచ్చినదీ అదే. గచ్చిబౌలిలో పదకొండేళ్ళు ఉద్యోగం చేసి, మీటింగుల్లో అందరి అరుపులూ విని విని, ఒకరోజు స్నానాల గదిలో చెవులు మూసుకుని కూర్చుండిపోయిన మనిషి కదా, ఆ మనిషి వాయిస్తే ఇప్పుడు ఎక్కడెక్కడివాళ్ళో నిద్రపోతున్నారు. కీమో వార్డులోంచి ఒకావిడ రాసింది, మీ వీడియో పెట్టుకుని మొదటిసారి నిద్రపోయాను తల్లీ అని. ఆ ఉత్తరం చదివి కిరణ్మయి ఏడ్చింది. మంచిదాన్నే నేను, అనుకుంది ఏడుస్తూ. ఇప్పుడూ ఆ మాటే అనుకుంటూ కుడిచేత్తో పైస్వరం తాకింది.

అన్నీ లొంగాయి గానీ ఆ హారన్ ఒక్కటే లొంగలేదు. టవరు గోడ వెంబడి సిమెంటు బస్తాలు మోస్తూ పైకీ కిందికీ తిరిగే సామాను లిఫ్టు, అది కదిలినప్పుడల్లా కింద ఉన్నవాళ్ళు తప్పుకోవాలని మోగే హారన్, గేదె గొంతు పట్టి పిండినట్టు. పన్నెండో నిమిషంలో మోగితే పోయింది, యాభై ఎనిమిదో నిమిషంలో మోగినా పోయింది. కిటికీ మూసుకోవచ్చుగా, అన్నాడు భర్త జశ్వంత్, టై ముడి వేసుకుంటూ, పెద్ద సలహాదారులా. మూస్తే పరదా కదలదు, జశ్వంత్. పరదా కదలకపోతే అది గోడ, గోడను చూస్తూ ఎవరు నిద్రపోతారు? ఫ్యాను పెట్టు మరి. ఫ్యాను గాలికి పరదా కొట్టుకుంటుంది, ఊపిరి తీయదు. ఆయనకు అర్థం కాలేదు, అర్థం కావాలని ఆవిడా అనుకోలేదు. విశ్వేశ్వరరావు బాబాయికి ఫోను చేసింది. బాబాయి ప్రభుత్వంలో పెద్ద ఇంజినీరుగా చేసి రిటైరయ్యాడు, అయినా ఆయన ఫోను మోగితే కుర్చీలోంచి లేచి నిలబడేవాళ్ళు ఇంకా నలుగురైదుగురు ఉన్నారు. "మా అమ్మాయి పాపం సంగీతం చేసుకుంటోందండి, వారానికి రెండు గంటలు ఆ హారన్ ఆపితే మీ కొంపేం మునగదుగా," అన్నాడు నవ్వుతూనే. సైటు మేనేజరు మర్నాడే స్వయంగా వచ్చి సోఫా అంచున కూర్చుని, మంగళవారం, శుక్రవారం, పదకొండు నుంచి పన్నెండుదాకా హారన్ బంద్ చేస్తం మేడం, దాని బదులు కింద ఒక మనిషిని నిలబెట్టి ఎర్రజెండా ఊపిస్తం అన్నాడు. ఆయన కాఫీ కప్పు తీయడానికి వచ్చిన జ్యోతి, ఆయన వెళ్ళేదాకా ఆగి, చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ అడిగింది. "మేడం, ఆ జెండా పని మా ఆయన అనిల్‌కు ఇప్పియ్యరాదుండ్రి? అదే సైటుల చేస్తడు. రాడ్లు మోసి మోసి భుజం పోయింది." కిరణ్మయి ఇప్పించింది. ఒక్క ఫోనుతో అయిపోయింది. ఆ రోజంతా ఎంత తేలిగ్గా ఉందో ప్రాణం, ఒకే దెబ్బకు తనకు నిశ్శబ్దం, వాళ్ళకు సుఖం. అనిల్ పసుపు టోపీ పెట్టుకుని జెండా పట్టుకుని దిగిన ఫొటోను జ్యోతి తన ఫోనులో ఆయన పేరు పక్కన పెట్టుకుని, తెచ్చి చూపించింది కూడా.

పదిహేడో నిమిషం. కిరణ్మయి వేళ్ళ కంటే ముందు చెవులు పసిగట్టాయి, ఏదో ఆగింది. హారన్ కాదు, అది పదకొండుకే ఆగింది. రాళ్ళు కోసే మిషను, కాంక్రీటు కలిపే డ్రమ్ము, ఇనుప చువ్వల చప్పుడు, ఎవరినో పిలిచే కేకలు, వీటన్నిటినీ ఆవిడ దూరపు వానలా ఓర్చుకోవడం నేర్చుకుంది, అవన్నీ ఒక్కసారిగా ఆగాయి. ఇంత నిశ్శబ్దం ఈ ఇంట్లో దిగినప్పటినుంచి లేదు. నల్లగండ్లలో ఉన్నప్పుడూ లేదు, అక్కడ పైఫ్లాటులో మిక్సీ, కిందఫ్లాటులో కుక్క. దేవుడు విన్నాడు, అనుకుంది. కుడిచేయి రెండు స్వరాలు వాయించాల్సిన చోట ఒకటే వాయించి ఆగింది, నిశ్శబ్దాన్నే రెండో స్వరంగా వదిలింది. పరదా ఉబ్బింది. ఆ ఉబ్బిన సందులోంచి, కెమెరాకు అందని ఎడమవైపు, టవరు అంతస్తుల్లో పసుపు టోపీలు కనిపించాయి. అన్నీ ఒకే దిక్కుకు పోతున్నాయి. పరిగెడుతున్నారు. భోజనాలకేమో, అనుకుంది. పదకొండుంబావుకి భోజనాలేంటి? టీ ఏమో. టీ కోసం ఎవరైనా మెట్లు దూకుతూ పరిగెడతారా? ఆ టోపీలు ఫ్రేములో పడలేదు కదా అని గబగబా చూసింది, పడలేదు. అమ్మయ్య. పరదా తగ్గింది, మళ్ళీ అడవి.

రెండు నిమిషాలకు వంటింట్లోంచి వచ్చింది ఆ రొద. మొదట పియానోలోనే ఏదో వదులైందనుకుంది. కాదు, గోడ అవతలిది, డబ్బాలోని తువ్వాళ్ళ మధ్య జ్యోతి ఫోను వణుకుతోంది, సీసాలో తుమ్మెదలా. పళ్ళు కొరుక్కుంది. తువ్వాలు ఇంకోటి వేయాల్సింది. ఆగింది. హమ్మయ్య. మళ్ళీ మొదలైంది. ఎవరు పట్టువదలని మహానుభావుడు, కిస్తీల వాళ్ళా, క్రెడిట్ కార్డు అమ్మేవాళ్ళా? మూడోసారి. గంటను ఇక్కడే పారేసి లేచి, డబ్బా తెరిచి, ఆ ఫోను కిటికీలోంచి గిరాటు వేయాలనిపించింది. కానీ ఈ నిశ్శబ్దం మళ్ళీ దొరుకుతుందా? నాలుగోసారి వణికినప్పుడు ఎడమచేయి, ఆవిడను అడక్కుండానే, కిందికి జారి పియానో మీద ఒక నల్లమెట్టు నొక్కింది. ఆ రొద శ్రుతికి సరిపోయింది. పూర్తిగా కాదు, వెంట్రుకవాసి తేడా, ఆ తేడా వల్లే రెండు నాదాలూ ఒకదానిమీద ఒకటి నెమ్మదిగా అలలు అలలుగా ఊగాయి, ఎవరో పెద్ద ప్రాణి పక్కన పడుకుని గుర్రుపెడుతున్నట్టు. ఇన్నేళ్ళ నుంచి ఎడమచేతికి కావలసింది ఇదే కదా, ఎన్ని పుస్తకాలు చదివినా, ఎన్ని రాత్రులు వెతికినా దొరకనిది! రొద ఆగినప్పుడు ఆవిడ మెట్టు పట్టుకునే ఉంది, అది మళ్ళీ రావాలని. వచ్చింది. ఇంకోసారి చెయ్యి నాయనా, అంది మనసులో, ఎవరో తెలియని ఆ మనిషితో, ఇంకోసారి. ఎవరో తెలియదా? పసుపు టోపీలు పరిగెత్తిన రెండు నిమిషాలకే జ్యోతి ఫోను మోగడం మొదలైందని ఆవిడ బుర్రలో ఒక మూల లెక్క కట్టి పెట్టింది. ఆ మూలకు వెళ్ళలేదు, అంతే. ఖాళీల్లో ఉండటం ఆవిడకు వచ్చిన విద్యే కదా.

ఇరవై ఆరో నిమిషంలో తలుపు చప్పుడైంది. దాన్ని చప్పుడంటే అతిశయోక్తి, పిల్లి తోక తగిలినట్టు, మూడుసార్లు. కణుపుతో కాదు జ్యోతీ, వేలి మెత్తతో, అని ఆవిడే నేర్పింది, ఇలా అని తన వేలితో జ్యోతి వేలు పట్టుకుని తలుపు మీద అద్ది చూపించింది. చప్పుడు నేను పట్టించుకోకపోతే పని ఉందని అర్థం, కూర్చో. కాళ్ళకు పట్టీలు తీయించిందీ ఆవిడే. పాపం ఆ అమ్మాయి ఒక్కసారి కూడా నేర్పినదాన్ని మరవలేదు. మళ్ళీ మూడు. కుడిచేయి కాస్త తడబడి, ఆ మూడింటి వెనకే మూడు స్వరాలు వేసి సర్దుకుంది. "మేడం," అని తలుపు సందులోంచి ఊపిరంత గొంతు. "జర ఫోనొక్కటి ఇయ్యుండ్రి మేడం." ఫోనొక్కటే. లేచి, ఆరడుగులు వేసి, డబ్బా మూత తీసి, ఇంకో పదడుగులు వేసి, తలుపు తీసి ఇస్తే అయిపోతుంది. ఈ నిశ్శబ్దం కూడా అయిపోతుంది. ఎడమచేతి కింద ఆ నాదం మళ్ళీ ఊగుతోంది. ఏమైనా ఉంటే గట్టిగానే కొడుతుందిలే, అనుకుంది కిరణ్మయి. అంత అవసరమైతే తలుపులు బాదేవాళ్ళు మనుషులు, ఇలా తడతారా ఎక్కడన్నా?

చిన్నప్పుడు రాజమండ్రిలో, దానవాయిపేట అద్దె ఇంట్లో, మధ్యగది తలుపు. దాని వెనక అమ్మ, భ్రమరాంబ, నుదుటికి తడిగుడ్డ చుట్టుకుని, పార్శ్వపు నొప్పితో. అమ్మకు నొప్పి వస్తే ఇల్లంతా గాజుపలకల మీద నడిచేది. ఎనిమిదేళ్ళ కిరణ్మయి పొయ్యి మీంచి పాలు దించబోయి కుడిపాదం మీద ఒలకబోసుకుంది, అరవకుండా పెదవి కొరుక్కుంది, అరిస్తే అమ్మ తల పగిలిపోతుంది కదా, కుంటుకుంటూ వెళ్ళి వేలి మెత్తతో మూడుసార్లు తట్టింది. రెండింటికి తట్టింది, నాలుగింటిదాకా గడప దగ్గరే కూర్చుంది, తోలు ఉబ్బి నీళ్ళు పట్టడం చూసుకుంటూ. అమ్మ బయటికి వచ్చి చూసి, కెవ్వుమని, తర్వాత ఏమందంటే, గట్టిగా కొట్టొచ్చుగా పిచ్చిమొహమా, అంది. ఆ మచ్చ ఇంకా ఉంది, ఇప్పుడు పియానో పెడలును తొక్కుతున్నది ఆ పాదమే. తొక్కిపెట్టి నాదాన్ని సాగదీస్తున్నది. ఆ రోజు అమ్మ మేలుకునే ఉందా? ఉందని కిరణ్మయికి ఎప్పట్నుంచో తెలుసు. మంచం కిర్రుమనడం ఆ గడప దగ్గర విన్నది. పెడలు ఎత్తింది. తలుపు దగ్గర ఇక ఏమీ లేదు. మెట్ల మీద ఒట్టికాళ్ళు పంతొమ్మిది అంతస్తులు దిగుతున్న చప్పుడు రెండు మలుపులదాకా వినిపించింది, లిఫ్టు కోసం ఆగలేదు పిచ్చిది.

నలభై ఒకటో నిమిషంలో హారన్ మోగింది. ఒక్కటే, పొడుగ్గా, ఇంతకుముందు ఎప్పుడూ లేనంత పొడుగ్గా. కిరణ్మయికి ఒళ్ళు మండిపోయింది. ఒప్పుకున్నారు కదా, సోఫాలో కూర్చుని కాఫీ తాగి మరీ ఒప్పుకున్నారు కదా, మాటంటే విలువ లేని వెధవలు, బాబాయికి చెప్పి ఉద్యోగం ఊడగొట్టిస్తాను, చూస్తూ ఉండు. వేళ్ళు మాత్రం కోపపడలేదు. హారన్ ఈసారి ఒక్కటే, ఒంటరిగా, తన స్వరాలేవీ లేని ఖాళీలో మోగింది, దాన్ని కంప్యూటరులో ముల్లులా పీకేయొచ్చు, మచ్చ కూడా ఉండదు. అది గుర్తొచ్చి స్థిమితపడింది. స్థిమితపడ్డాక డబ్బాలో రొద కోసం నల్లమెట్టు నొక్కి ఎదురుచూసింది. రాలేదు. ఇంకో నిమిషం. రాలేదు. ఆ హారన్ తర్వాత ఫోను ఇక మోగలేదు. ఎడమచేయి ఒంటరిదైపోయింది, వెలితిగా, పక్కన పడుకున్న మనిషి లేచిపోయినట్టు. ఆవిడకు దుఃఖం వచ్చింది. నిజమైన దుఃఖమే, కన్నీరు చెంప మీదుగా జారి పియానో మెట్ల మీద పడింది, దేనికో తనకే తెలియదు, చెప్పమంటే సంగీతానికి అనేది. ఆ దుఃఖంలోనే చివరి పద్దెనిమిది నిమిషాలూ వాయించింది, ఎంత బాగా వాయించిందంటే, మధ్యలో ఒకచోట తన మీద తనకే గౌరవం కలిగింది. గంట నిండింది. ఆఖరి స్వరం దానంతటది ఆరిపోయేదాకా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

తర్వాత లేచి వంటింట్లోకి వెళ్ళి డబ్బా తెరిచింది. తువ్వాలు వెచ్చగా ఉంది. ఫోను తెర మీద పసుపు టోపీ పెట్టుకుని, జెండా పట్టుకుని అనిల్ నవ్వుతున్నాడు, ఆ నవ్వు కింద ఎత్తని కాల్స్ పదకొండు. తలుపు తీసేసరికి లిఫ్టు తెరుచుకుని జ్యోతి వస్తోంది. మోకాళ్ళదాకా సిమెంటు దుమ్ము, చున్నీ లేదు, చేతుల మీద ఆరిపోతున్న ఎరుపు. ఏడవడం లేదు. చెయ్యి చాపింది.

"ఫోన్ ఇయ్యుండ్రి మేడం."

"ఏమైంది జ్యోతీ?" అంది కిరణ్మయి, ఏమీ తెలియని మనిషిలా.

"అందరినీ జరుగుండ్రి జరుగుండ్రి అని జెండా ఊపుకుంట నిలవడ్డడట. ఆయనకు చెప్పెటోళ్ళు లేకుండె." జ్యోతి ఎవరో చెప్పింది అప్పజెబుతున్నట్టు చెప్పింది. "నడుం దాకా సామాను లిఫ్టు కింద వడ్డడు. చేతులు మంచిగనే ఉండెనట. మాట్లాడుకుంటనే ఉన్నడట, నాకే చేస్తుండెనట ఫోను. మెట్ల కిటికీలకెల్లి జనం ఉరుకుడు చూసి నేను దిగి ఆడ్కి పోయేలోపట లిఫ్టు లేపిన్రు. లేపంగనే పోయిండు." తెర మీద వేలు పెట్టి ఒక్కొక్కటే కిందికి జరుపుతూ పెదవులతో లెక్కపెట్టింది. "పదకొండు సార్లు చేసిండు." తలెత్తింది. "నేను తలుపు కొట్టిన మేడం."

"గట్టిగా కొట్టొచ్చుగా జ్యోతీ."

అన్న తర్వాత గానీ అది ఎవరి గొంతో కిరణ్మయికి తెలియలేదు. తెలిసి నాలుక కరుచుకుంది, కానీ మాట వెనక్కి తీసుకోలేదు.

జ్యోతి తన వేలి కొస వైపు ఒక క్షణం చూసుకుంది. "మీరే నేర్పితిరి గద," అంది, నిష్ఠూరం లేకుండా. తర్వాత వంటింటి వైపు చూసి అడిగింది. "లోపల ఇది మోగింది, మీకు ఇనవడలేదా?"

చెప్పడానికి చాలా సమయం ఉంది. ఒక పాట మొదలుపెట్టడానికి ముందు ఉండేంత సమయం.

"లేదమ్మా," అంది కిరణ్మయి. "తువ్వాళ్ళ మధ్య ఉంది కదా."

జ్యోతి నమ్మింది. తల ఊపింది. "అవ్ గద," అంది మెల్లగా, "మూత నేనే గట్టిగ పెట్టిన." ఇంకోసారి అదే మాట అనుకుంటూ, ఫోను గుండెకు ఆనించుకుని, లిఫ్టు బటన్ కూడా వేలి మెత్తతోనే నొక్కి, దిగిపోయింది.

తలుపు వేసి వెనక్కి తిరిగితే ఎర్రదీపం ఇంకా వెలుగుతోంది. ఆపడం మరిచిపోయింది. జ్యోతి మాటలూ తన అబద్ధమూ అన్నీ అందులో పడే ఉంటాయి. అవన్నీ గంట దాటాక పడ్డవే కదా, ఎలాగూ తెగిపోతాయి. కూర్చుంది. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి ఎడమవైపుకు చూడొచ్చు, వెళ్ళలేదు. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని మొదటినుంచి విన్నది. హారన్‌ను వెతికి పట్టుకుని ముల్లులా పీకేసింది, నిజంగానే మచ్చ కూడా మిగల్లేదు. తలుపు మీద తట్టిన చప్పుళ్ళు చాలా మెత్తగా ఉన్నాయి, ఎవరికీ తెలియవు. ఫోను రొదను తీయబోతే దానితో పాటు ఎడమచేతి స్వరమూ పోయింది, రెండూ అలా అల్లుకుపోయాయి. మళ్ళీ పెట్టి విన్నది. కళ్ళు వాటంతటవే మూసుకుపోతున్నాయి, ఇంత హాయి తను చేసిన దేంట్లోనూ లేదు. అలాగే ఉంచేసింది.